పంగలకర్ర

వేళచ్చేరిలో మా సందుకి
తెల్లవారుజామున నాలుగింటికి నీళ్ళొస్తాయి.
వస్తాయనడం మాటవరసకే.
మొదటింటాయన గొట్టానికి దొంగతనంగా మోటారు బిగించాడు.
అది గుర్రుమన్నంతసేపూ
మా కుళాయిలు గాలి కక్కుతాయి.
బిందెలతో నిలబడ్డవాళ్ళకి
చేతులు బాగానే ఉన్నాయి, కళ్ళు బాగానే ఉన్నాయి.
ఒట్టి దాహం, అంతే.

తరమణిలో నా బల్ల మీద
రోజూ చూసేదీ ఈ సందునే.
గడ్డ మొదటింట్లో ఉంటుంది.
నెత్తురు మోసుకొచ్చిన చక్కెరంతా తనవైపే లాక్కుని
అరాకొరా కాల్చి
పులుపు బయటికి తోస్తుంది.
మే నెలలో గట్టు మీద మరిచిపోయిన ఇడ్లీ పిండిలా
చుట్టుపక్కలంతా పులిసిపోతుంది.
కాపలాకొచ్చిన తెల్లకణాలు
దొంగని పోల్చుకునే ఉంటాయి,
గుమ్మం దాకా వచ్చే ఉంటాయి,
అక్కడే చతికిలబడి ఉంటాయి.
మా పాఠ్యపుస్తకంలో వాటిని సైనికులన్నారు.
సైనికులకి సద్ది ఎవరు కడతారో రాయలేదు.

వెంగమాంబ గారిది నాయుడుపేట అవతల ఏదో పల్లె.
ఐస్ పెట్టె కోసం అడయారు ఆసుపత్రికి వెళ్ళినరోజు
నర్సు అరవాన్ని ఆవిడకీ, ఆవిడ తెలుగుని నర్సుకీ
నేనే అటూ ఇటూ మోశాను.
సంతకాలయ్యాక ఆవిడ నా చెయ్యి వదల్లేదు.
"తీపి తింటే గడ్డ పెరగతాదంట, మా ఆడబిడ్డ చెప్పింది.
కాఫీలో చక్కెర మానేసి ఆర్నెల్లు.
ఎండగట్టేశా దాన్ని.
మరి పెరిగిందేం?"

నా దగ్గర పటాలున్నాయి, గీతలున్నాయి,
ఆవిడకి ఇవ్వదగ్గ మాట ఒక్కటీ లేదు.
అందుకే మా సందు సంగతి చెప్పాను.
కొళాయికి నీళ్ళు తగ్గిస్తే
ముందు ఎండేది చివరి ఇళ్ళమ్మా,
మోటారున్నవాడు ఆఖరి చుక్క దాకా లాగేస్తాడు.

"ఆ మోటారు పీకెయ్యరాదా?" అంది టక్కున,
పొలానికి నీళ్ళు కట్టిన మనిషి.

పీకడం కుదరదమ్మా, మంచి కణాలకీ కొంచెం అలాంటివే ఉంటాయి.
కానీ గడ్డ గోడకి పులుపు కక్కే తూములు చాలా ఎక్కువ.
ఆ తూముకి సరిగ్గా ఇరుక్కునే పంగలకర్ర చెక్కుతున్నాం.
యాంటీబాడీ అంటారు.
రెండు కొసలు తూముని కరుచుకుంటాయి,
పిడి బయటికి నిలబడుతుంది.
కక్కలేనివాడు మింగలేడు.
వాడు మింగడం తగ్గిస్తే
గుమ్మంలో కూలబడ్డవాళ్ళకి ఒక గుక్క.

"ఎవరికన్నా తగ్గిందా?"
ఎలుకలకి. పన్నెండింటిలో ఏడింటికి.
మిగతా అయిదూ ఎందుకు లొంగలేదో
మాకింకా తెలీదు.
"మరి నాకు?"
మీ గడ్డ ముక్క మా దగ్గరికొస్తుంది.
మా మందు మీ దగ్గరికి రాదు, ఇప్పట్లో.

ఇది చెప్పాల్సొస్తుందనే
ఇన్నేళ్ళూ ఆసుపత్రి వైపు రాకుండా
డ్రైవర్ దేవసహాయాన్ని పంపేదాన్ని.

ఆవిడ చాలాసేపు ఐస్ పెట్టె వైపు చూసింది.
"అయితే కాఫీలో చక్కెర?"
డాక్టరు వద్దన్నారా?
"లేదు. ఆడబిడ్డే."
క్యాంటీన్లో రెండు చెంచాలు వేసుకుంది,
నా వైపు ఓరగా చూసి మూడోది.
ఒక గుక్క తాగి, గ్లాసు దించి,
"ఆర్నెల్లు" అంది, ఎవరినో తిడుతున్నట్టు.

పెట్టె మీద ఆవిడ పేరు లేదు, ఒక అంకె ఉంది.
ఆ రాత్రి తొంభై ఆరు గుంటల పళ్ళెంలో
అంకెని విత్తాను.
మేం కణాలకి పోసే నీరు దానిమ్మ రంగు,
పులుపు తగిలితే పసుపు తిరుగుతుంది.
మూడో రాత్రికి సగం పళ్ళెం
పచ్చకామెర్ల కన్నులా ఉంది.
పంగలకర్రలు వేసిన వరుసల్లో
కొన్ని గుంటలు ఇంకా దానిమ్మే.
కొన్ని. లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను,
ఆనందపడటానికి చాలవు,
పారబొయ్యడానికి మనసొప్పదు.

ఇంటికొచ్చేసరికి నాలుగు దాటింది.
బిందెలు వరసలో ఉన్నాయి, మనుషులు నిద్రలో తూగుతున్నారు.
నా బిందె అక్కడే వదిలి
మొదటింటి గేటు దాకా నడిచి
గంట నొక్కాను.
లోపల అది గుర్రుమంటూనే ఉంది.
వేలు తియ్యలేదు.